శాటిలైట్ రేడియో: సెట్టు కన్నా యాంటెన్నా చోటే ముఖ్యం

ట్రక్కు తోలేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, ఇంటింటికీ సరుకు చేరవేసేవాళ్లు, సోమవారం తెల్లవారుజామున క్లయింటు ఊరికి బయల్దేరి శుక్రవారం రాత్రికి ఇల్లు చేరే కన్సల్టెంట్లు. అమెరికాలోనూ కెనడాలోనూ రోజులో సగం స్టీరింగు ముందే గడిపే మనవాళ్ల కోసం రాస్తున్నాను ఇది. దూరప్రయాణంలో చెవికి తోడు కావాలి. వెస్ట్ టెక్సస్ దారుల్లోనో వయోమింగ్ మైదానాల్లోనో ఫోను సిగ్నల్ పోతే పాటా పోతుంది, వార్తా పోతుంది. ఊరు దాటి కొంత దూరం పోగానే ఎఫ్ఎం గరగరమంటుంది. అలాంటి చోట కూడా ఆగకుండా వినిపించేది శాటిలైట్ రేడియో.

అయితే డబ్బు కట్టి పెట్టించుకున్నాక చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "మాటిమాటికీ ఆగిపోతోందండీ." వెంటనే సెట్టును తిట్టుకుంటారు, లేదంటే ఇంకాస్త ఖరీదైనది కొంటారు. లోపం మాత్రం చాలాసార్లు యాంటెన్నా పెట్టిన చోటులోనో, దాని వైరు వెళ్లిన దారిలోనో ఉంటుంది. ఈ రెండూ కుదిరితే మామూలు సెట్టు కూడా ఏళ్ల తరబడి పలుకుతుంది. కుదరకపోతే ఎంత మంచి సెట్టైనా మూగపోతుంది. ఒక సెలవు పూట తీరిక చేసుకుంటే ఈ పని మీ చేత్తో మీరే చేసుకోవచ్చు. షాపులో చేయించుకున్నా సరే, ఏది సరైన పద్ధతో తెలిసి చేయించుకోండి.

సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తుంది

శాటిలైట్ రేడియో కంపెనీలైన ఎక్స్‌ఎం 2001లో, సిరియస్ 2002లో విడివిడిగా ప్రసారాలు మొదలుపెట్టాయి. 2008లో రెండూ కలిసి సిరియస్‌ఎక్స్‌ఎం అయ్యాయి. ఈ రేడియోకు కేటాయించిన పౌనఃపున్యాలు 2320 నుంచి 2345 మెగాహెర్ట్జ్ వరకు. ఇప్పటి ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, పశ్చిమ రేఖాంశం 85 డిగ్రీల దగ్గర కొన్ని, 115 డిగ్రీల దగ్గర కొన్ని ఉన్నాయి. అంత దూరం నుంచి దిగివచ్చేసరికి సిగ్నల్ ఎంతో బలహీనపడుతుంది. ఆకాశానికీ యాంటెన్నాకూ మధ్య రేకు అడ్డమొస్తే ఇక అందదు. తడిసిన చెట్ల ఆకులు గుబురుగా ఉన్నా తగ్గిపోతుంది.

ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద ఉంటాయి కనుక ఉత్తర అమెరికాలో మీరు ఎక్కడున్నా అవి దక్షిణపు ఆకాశంలోనే కనిపించాలి. డాలస్ నుంచి చూస్తే 85 డిగ్రీల దగ్గరి ఉపగ్రహం నేలమట్టానికి దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటుంది. న్యూజెర్సీ నుంచి అదే ఉపగ్రహం 40 డిగ్రీల ఎత్తుకు కాస్త పైన ఉంటుంది. సియాటిల్‌కు పోతే 25 డిగ్రీలకే దిగిపోతుంది. 115 డిగ్రీల దగ్గరిది కూడా అక్కడ 35 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. అంటే ఉత్తరానికి పోయేకొద్దీ యాంటెన్నాకు నెత్తి మీది ఆకాశం ఒక్కటే చాలదు, పక్కల నుంచి కూడా ఖాళీ కావాలి. దక్షిణం వైపు కొండో పెద్ద భవనమో ఉన్న చోట బండి ఆపి "సిగ్నల్ లేదు" అనుకోవడంలో అర్థం లేదు. బండిని నాలుగడుగులు ముందుకు తీసి చూడండి.

పెద్ద నగరాల్లో ఎత్తైన భవనాల నీడ పడే చోట్ల కోసం నేల మీద రిపీటర్లు పెట్టారు. ఉపగ్రహం కనిపించకపోయినా వాటి నుంచి సిగ్నల్ అందుతుంది. ఒకే ప్రసారం కొన్ని సెకన్ల తేడాతో రెండు దారుల్లో వచ్చే ఏర్పాటు కూడా ఉంది. అందుకే వంతెన కింద నుంచి వేగంగా పోయినప్పుడు పాట ఆగదు. అదే వంతెన కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆగవచ్చు. నేలమాళిగ పార్కింగులో, పొడవాటి సొరంగంలో ఆగడం లోపం కాదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియో విన్నవాళ్లకు ఒక అలవాటు ఉండిపోయి ఉంటుంది. ఆ సెట్టు యాంటెన్నాను కిటికీ దగ్గర పెట్టి, ఉపగ్రహం ఉన్న దిక్కుకు తిప్పి, సిగ్నల్ గీతలు పెరిగేదాకా సర్దాల్సి వచ్చేది. భారతదేశంలో ఆ సేవ 2009 డిసెంబరు 31న ఆగిపోయింది. కారు యాంటెన్నాకు ఆ సర్దుబాటు అక్కర్లేదు. బండి ఏ మలుపు తిరిగినా పట్టుకునేలా అది ఆకాశమంతటి నుంచీ సిగ్నల్ తీసుకుంటుంది. చదునుగా, ముఖం పైకి ఉండేలా పెడితే చాలు. నిలువుగా, ఏటవాలుగా అతికించవద్దు.

కొనేముందు బండిని చూడండి

డబ్బు ఖర్చు పెట్టేముందు మీ బండిలో ఇప్పటికే ఏముందో చూసుకోండి. చాలా కొత్త కార్లలో టాప్ మీద వెనక వైపు సొరచేప రెక్కలాంటి చిన్న తొడుగు ఉంటుంది. దాని కింద శాటిలైట్ రేడియో యాంటెన్నా ఉండొచ్చు, ఒక్క జీపీఎస్సో ఫోను యాంటెన్నానో కూడా ఉండొచ్చు. రెక్క ఉన్నంత మాత్రాన రేడియో ఉన్నట్టు కాదు. తెర మీద మెనూలో శాటిలైట్ రేడియో కనిపిస్తుందో లేదో చూడండి. కనిపిస్తే ఛానెల్ 0కు వెళ్లండి. రేడియో ఐడీ అక్కడ వస్తే మీ బండిలో అంతా కంపెనీ నుంచే వచ్చింది, కొత్త యాంటెన్నా అక్కర్లేదు.

పాత స్టీరియో తీసేసి కొత్తది బిగించుకునేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. కొత్త స్టీరియో పెట్టె మీద "సిరియస్‌ఎక్స్‌ఎం-రెడీ" అని ఉంటే అందులో శాటిలైట్ రేడియో ఉన్నట్టు కాదు, దానికి ట్యూనర్ తగిలించే వీలుందన్న మాట. ఎస్‌ఎక్స్‌వీ300 లాంటి చిన్న ట్యూనర్ పెట్టెను విడిగా కొని స్టీరియో వెనక తగిలించాలి. దాంతో పాటే అయస్కాంతం యాంటెన్నా వస్తుంది. స్టీరియో మార్చడం ఇష్టం లేనివాళ్లకు డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టుకునే చిన్న సెట్లు ఉన్నాయి. వీటి పాటను కారు స్పీకర్లలోకి పంపడానికి ఆక్స్ వైరు వాడండి. ఎఫ్ఎం ద్వారా పంపే దారి కూడా ఉంది కానీ, ఊరు మారినప్పుడల్లా ఆ ఫ్రీక్వెన్సీలో స్థానిక స్టేషను అడ్డొచ్చి గరగర పుడుతుంది.

ఏ యాంటెన్నా తీసుకోవాలి

మామూలుగా దొరికేది అరచేతిలో ఇమిడిపోయే నల్లటి బిళ్ల. దాన్ని విప్పి చూస్తే లోపల పింగాణీ పలక ఒకటి, దాని మీద వెండి రంగు లోహపు పూత, కింద చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటాయి. శాటిలైట్ రేడియో తరంగం పొడవు దాదాపు 13 సెంటీమీటర్లు. దాన్ని అంత చిన్న బిళ్లలో పట్టుకునేలా చేసేది ఆ పింగాణీ. కింది బోర్డు మీద ఆంప్లిఫయర్ ఉంటుంది. అది ఎందుకంటే, యాంటెన్నాకు వాడే సన్నటి కోయాక్స్ వైరులో ఈ పౌనఃపున్యం దగ్గర మీటరుకు ఇంచుమించు 2 డెసిబెల్స్ నష్టం వస్తుంది. ఆరేడు మీటర్లు వైరు లాగేసరికి అసలే బలహీనంగా ఉన్న సిగ్నల్ ఇంకేం మిగులుతుంది? అందుకే బిళ్లలోనే దాన్ని పెంచి అప్పుడు వైరులోకి వదులుతారు. ఆ ఆంప్లిఫయర్‌కు కరెంటు రేడియో నుంచే, అదే వైరు గుండా, కొద్ది వోల్టుల డీసీగా వెళుతుంది.

ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే కొన్ని పొరపాట్లు చేయరు. టీవీ కేబుల్‌కు వాడే స్ప్లిట్టరుతో ఒక యాంటెన్నాను రెండు సెట్లకు పంచవద్దు. రెండు యాంటెన్నాలను కలిపి ఒక సెట్టుకు తగిలించవద్దు. వైరు ఎక్కువైందని కోసి ముడి వేయవద్దు. ఈ మూడు పనుల్లోనూ డీసీ కరెంటు దారి తప్పుతుంది, లేదా సిగ్నల్ సగానికి సగం పోతుంది.

తగిలించే కొన కూడా చూడాలి. విడిగా కొనే సెట్లకు ఎక్కువగా ఎస్‌ఎంబీ అనే చిన్న గుండ్రటి కొన ఉంటుంది. నొక్కితే టక్కుమని పడుతుంది. కార్ల కంపెనీలు బిగించేవాటికి ఫాక్రా అనే ప్లాస్టిక్ తొడుగు కొన ఉంటుంది. ఫాక్రాలో రంగును బట్టి పని చెప్పవచ్చు: శాటిలైట్ రేడియోది 'కె' రకం, కూరపొడి పసుపు రంగు. నీలం జీపీఎస్‌ది, నలుపు ఎఫ్ఎం-ఏఎంది. కారు కంపెనీ యాంటెన్నాను కొత్త ట్యూనర్‌కు కలపాలంటే ఫాక్రా నుంచి ఎస్‌ఎంబీకి మార్చే అడాప్టరు కొనుక్కోవాలి. వాడేసిన యాంటెన్నా చవగ్గా దొరికితే అది సిరియస్ కాలం నాటిదా, ఎక్స్‌ఎం కాలం నాటిదా అని కూడా అడగండి. తొలి ఎక్స్‌ఎం యాంటెన్నాల్లో రెండేసి వైర్లు ఉండేవి. అవి ఇప్పటి సెట్లకు పనికిరావు. సెట్టుతో పాటు వచ్చిన యాంటెన్నానే వాడుకోవడం అన్నిటికన్నా క్షేమం.

ఎక్కడ పెట్టాలి

చోటు ఎంచుకోవడానికి చూడాల్సినవి మూడు: పైన ఆకాశం ఖాళీగా ఉండాలి, కింద లోహపు రేకు ఉండాలి, రేకు అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు. కింది రేకు బిళ్లకు అద్దంలా పనిచేస్తుంది. సిగ్నల్‌ను పైకి చూసేలా మలిచేది అదే. అంచుల నుంచి కనీసం 3 అంగుళాలు వదలండి. లగేజీ కడ్డీలు, సీబీ రేడియో కడ్డీ, ఇంకో యాంటెన్నా లాంటివి ఉంటే వాటికి వీలైనంత ఎడంగా పెట్టండి.

సెడాన్ కారుకు టాప్ మీద వెనక అద్దానికి దగ్గరగా, మధ్యలో పెట్టడం మేలు. ఎస్‌యూవీకీ, వ్యానుకూ కూడా టాప్ వెనక భాగమే. పికప్ ట్రక్కుకైతే క్యాబిన్ టాప్ మీద ముందు అద్దం వైపు పెట్టవచ్చు. టాప్ మడిచే కన్వర్టిబుల్ కారుకు డిక్కీ మూతే దిక్కు. కారు టాప్ అందుబాటులో ఉన్నప్పుడు మాత్రం డిక్కీ మూత మీద పెట్టవద్దు. కారు టాపే ఆకాశంలో ఒక పక్కను కప్పేస్తుంది. ముఖ్యంగా మీరు ఉత్తరానికి కాక దక్షిణానికి పోతున్నప్పుడు ముందున్న టాప్ ఉపగ్రహానికి అడ్డం వస్తుంది.

బిళ్లను కారు లోపల డ్యాష్‌బోర్డు మీద పెట్టేద్దామని చాలామందికి అనిపిస్తుంది. వైరు పని తప్పుతుంది కదా అని. అప్పుడు వెనక సగం ఆకాశం టాప్ కింద పడిపోతుంది. ఎండ వేడి తగ్గించడానికి కొన్ని కార్ల ముందు అద్దంలో లోహపు పూత ఉంటుంది, లోహం కలిసిన ఫిల్ము కూడా అతికిస్తారు. వాటి వెనక పెడితే సిగ్నల్ ఇంకా పడిపోతుంది. అద్దె కారులో రెండు రోజుల పనికైతే సర్దుకోవచ్చు. రోజూ నడిపే బండికి అది పద్ధతి కాదు.

అయస్కాంతం ప్రతి బండికీ అంటుకోదు. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియందే. దాని మీద బిళ్ల నిలవదు. అల్యూమినియం మంచి లోహమే కనుక కింది రేకుగా పనికొస్తుంది. బయటి వాడకానికి పనికొచ్చే గట్టి డబుల్ సైడ్ టేపుతో అతికిస్తే సరిపోతుంది. టాప్ అంతా గాజైన కార్లలో, ఫైబర్ టాప్ ఉన్న బండ్లలో సంగతి వేరు. అక్కడ అయస్కాంతమూ పట్టదు, కింద లోహమూ ఉండదు. అలాంటి చోట చిన్న స్టీలు రేకు అతికించి దాని మీద బిళ్ల పెట్టాలి. గాజు మీద రేకు అతికించడం ఇష్టం లేకపోతే గాజు చుట్టూ లోహం మిగిలిన చోటు వెతకండి.

పెద్ద ట్రక్కు నడిపేవాళ్లకు

పడక గది ఉన్న ట్రక్కుల మీద గాలి చీల్చడానికి పెట్టే పైతొడుగు ఎక్కువగా ఫైబర్‌దే. దాని మీద బిళ్లను నేరుగా పెడితే సరిగా పని చేయదు. అందుకే ట్రక్కులకు పక్క అద్దాల (మిర్రర్ల) కడ్డీకి బిగించే రకం యాంటెన్నాలు వస్తాయి. బ్రాకెట్టుకు చదునైన లోహపు పీట ఉండేలా చూడండి, బిళ్ల దాని మీద పైకి చూస్తూ నిలవాలి. ఒక ఇబ్బంది మాత్రం తెలిసి ఉండాలి: అద్దం ఎత్తుకన్నా క్యాబిన్, వెనక ట్రైలరు ఎత్తు. ఉత్తర రాష్ట్రాల్లో ఉత్తరం వైపు పోతున్నప్పుడు ఉపగ్రహం మీ వెనక, కిందికి ఉంటుంది. ట్రైలరే దానికి అడ్డం. అప్పుడప్పుడు ఆగితే ఆ కారణం గుర్తు తెచ్చుకుని యాంటెన్నాను వీలైనంత ఎత్తులో, క్యాబిన్‌కు దూరంగా జరపండి.

వాణిజ్య వాహనాల్లో ముందు అద్దం మీద ఏది పడితే అది తగిలించడానికి ఫెడరల్ నిబంధన ఒప్పుకోదు. యాంటెన్నాలు అద్దం పై అంచు నుంచి 6 అంగుళాల లోపే ఉండాలి, వైపర్లు తుడిచే మేరలోకి రాకూడదు, రోడ్డునూ బోర్డులనూ చూసే మీ చూపుకు అడ్డం రాకూడదు. 2012 జనవరి 3 నుంచి వాణిజ్య డ్రైవర్లు బండి నడుపుతూ ఫోను చేత పట్టుకోవడమూ నిషిద్ధమే. దారిలో పాట మార్చడానికి ఫోను చేతిలోకి తీసుకునే అలవాటు ఉన్నవాళ్లకు డ్యాష్‌బోర్డు మీది రేడియో ఈ విధంగా కూడా మేలు. ట్రక్కర్ల కోసమే నడిచే రోడ్ డాగ్ ట్రకింగ్ ఛానెల్‌ను విని చూడండి. తెలుగు పాటల కోసమైతే ఇల్లు కదిలేముందే ఫోనులోకి దించుకుని, బండి ఆగి ఉన్నప్పుడే జాబితా పెట్టుకోండి.

బండి కంపెనీదైతే ముందు అనుమతి అడగండి. లీజు బండికైనా, కంపెనీ బండికైనా టాప్‌కు రంధ్రం పెట్టే పని అసలు వద్దు. అయస్కాంతం బిళ్లతో, రంధ్రం లేని దారితో మొత్తం పని పూర్తవుతుంది.

అతికించేముందు ఒక పూట పరీక్ష

వైరును లోపలికి దోపేముందు ఊరికే పరిచి చూడండి. బిళ్లను అనుకున్న చోట పెట్టి, వైరును పక్క అద్దం సందులోంచి లోపలికి తీసి సెట్టుకు తగిలించండి. సిగ్నల్ గీతలు చూసుకుంటూ, మీరు రోజూ తిరిగే దారుల్లోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. హైవే మీదికి మాత్రం వదులు వైరుతో వెళ్లవద్దు. ఒక చోట పాట ఆగితే బిళ్లను అరడుగు అటూ ఇటూ జరిపి మళ్లీ చూడండి. ఈ ఒక్క పూట ఓపిక పడితే తర్వాత కార్పెట్లు మళ్లీ లేపే బాధ ఉండదు.

చోటు నచ్చాక అక్కడ పెయింటును సబ్బునీళ్లతో కడిగి, ఆరాక రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. బిళ్ల అడుగున కూడా ఇసుక రేణువు లేకుండా తుడవండి. రేణువు మిగిలితే బిళ్ల అదిరినప్పుడల్లా పెయింటును గీస్తుంది. బిళ్లను జరపాలంటే ఈడ్చవద్దు, ఎత్తి పెట్టండి.

వైరు వెళ్లే దారి

ఎక్కువ యాంటెన్నాలు చెడిపోయేది ఇక్కడే, కనుక కాస్త వివరంగా చెబుతాను. సెడాన్ కారు తీసుకుందాం.

బిళ్ల నుంచి వైరు నేరుగా వెనక అద్దం వైపు రావాలి. అద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు బీడింగును గోరుతోనో, ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌తోనో కొద్దిగా లేపండి. స్క్రూడ్రైవర్ వాడవద్దు, అది రబ్బరును కోస్తుంది, పెయింటు లేస్తుంది, తర్వాత అక్కడ తుప్పు పడుతుంది. రబ్బరు లేచిన సందులోకి వైరును వేలి కొసతో కొంచెం కొంచెంగా నొక్కుతూ, అద్దం పక్క అంచు వెంట కిందికి దింపండి. వైరు బయటికి ఉబ్బి కనిపించకూడదు. అలా అని లాగి బిగించకూడదు. బిళ్ల దగ్గర అర అంగుళం వదులు ఉండాలి.

అద్దం అడుగున వైరు డిక్కీలోకి దిగుతుంది. డిక్కీ చుట్టూ నీళ్లు రాకుండా ఉండే మందపాటి రబ్బరు ఉంది చూశారా, దాని మీద నుంచి వైరు తెస్తే మూత పడ్డప్పుడల్లా నలుగుతుంది. రబ్బరును ఆ ఒక్కచోట లేపి దాని కింద నుంచి తీసి, మళ్లీ రబ్బరును సరిగ్గా అమర్చండి. లోపలికి పోయేముందు వైరు ఒకసారి కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా చిన్న వంపు ఇవ్వండి. వాన నీళ్లు వైరు వెంట జారి వచ్చినా ఆ వంపు అడుగున చుక్కలై పడిపోతాయి, డిక్కీలోకి రావు. మూతను నాలుగైదుసార్లు మూసి తెరిచి, వైరు ఎక్కడైనా నలుగుతోందా అని చూడండి. మడత కీలు దగ్గర, పదునైన రేకు అంచు దగ్గర వైరు ఆనకూడదు. ఆనేలా ఉంటే దాని మీద రబ్బరు గొట్టం ముక్క తొడగండి.

డిక్కీలోంచి వెనక సీటు పక్కగా కారు లోపలికి వచ్చాక, ప్రయాణికుడి వైపు తలుపు కింద అడుగు పెట్టే ప్లాస్టిక్ పట్టీలను పైకి లేపండి. చాలా కార్లలో అవి క్లిప్పుల మీద నిలబడి ఉంటాయి. వాటి కింద కారు సొంత వైర్ల కట్ట పోతుంటుంది. మీ వైరును దాని పక్కనే వేసి, పట్టీ మళ్లీ నొక్కి బిగించండి. అక్కడి నుంచి ముందుకు, గ్లవ్ బాక్స్ వెనక నుంచి మధ్యలోని స్టీరియో దగ్గరికి. డ్రైవరు వైపు తేవద్దు. బ్రేకు పెడలు దగ్గర వైరు జారి చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎయిర్‌బ్యాగుల దగ్గర మరీ జాగ్రత్త. ముందు అద్దం పక్క కంబాల్లో, తలుపుల పైన టాప్ అంచు వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగులు దాగి ఉంటాయి. "ఎయిర్‌బ్యాగ్" అనో "ఎస్‌ఆర్‌ఎస్" అనో రాసి ఉన్న ఏ తొడుగునూ తీయవద్దు. దాని ముందు నుంచి వైరు పోనివ్వవద్దు. ప్రమాదం జరిగినప్పుడు ఆ వైరు ఎయిర్‌బ్యాగ్‌కు అడ్డం పడుతుంది. పికప్ ట్రక్కులో టాప్ ముందు నుంచి వైరు దించాల్సి వస్తే ఈ కారణం చేతనే అనుభవం ఉన్న మెకానిక్ చేత చేయించండి.

మిగిలిన వైరును కోయకుండా, అరచేయి వెడల్పు చుట్టలుగా చుట్టి, ప్లాస్టిక్ పట్టీతో వదులుగా కట్టి గ్లవ్ బాక్స్ వెనక దాచండి. బిగించి మడిస్తే లోపలి రాగి తీగ చుట్టూ ఉన్న పొర నలిగి సిగ్నల్ పోతుంది. ఫోను చార్జర్ల పక్కన, వైఫై హాట్‌స్పాట్ పక్కన ఆ చుట్టను పెట్టవద్దు. వైఫై 2400 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, శాటిలైట్ రేడియోకు అది ఇరుగుపొరుగే.

రేడియోను లేపడం

వైరు తగిలించాక బండిని ఆరుబయట, దక్షిణం వైపు ఖాళీగా ఉన్న చోట నిలపండి. ఛానెల్ 0 పెట్టి రేడియో ఐడీ రాసుకోండి. అందులో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అనే అక్షరాలు రావు. అలా కనిపిస్తే అవి ఒకటి, సున్న, అయిదు లాంటి అంకెలే. ఇది తెలియక తప్పు నెంబరు చెప్పి గంటలు ఫోనులో వేచి ఉండేవాళ్లు ఉన్నారు. చందా మొదలుపెట్టాక ఛానెల్స్ తెరుచుకునేదాకా సెట్టును ఆన్‌లోనే, బండిని బయటే ఉంచండి. గరాజులోకి తీసుకెళ్లి ఎదురుచూస్తే ఆ అనుమతి సిగ్నల్ సెట్టుకు అందదు.

ఆగిపోతే ఏం చూడాలి

తెర మీద వచ్చే మాటను శ్రద్ధగా చదవండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. "చెక్ యాంటెన్నా" అని వస్తే యాంటెన్నాకు పోయే కరెంటులో తేడా వచ్చిందని అర్థం. కొన సరిగ్గా పడలేదు, వైరు తెగింది, లేదా లోపల నలిగి షార్ట్ అయింది. ముందు కొన తీసి మళ్లీ టక్కుమనేదాకా నొక్కండి. ఆ మాట పోకపోతే డిక్కీ రబ్బరు దగ్గర, తలుపు పట్టీల కింద వైరును వేళ్లతో తడుముతూ పోండి. నలిగిన చోటు చేతికి తగులుతుంది. వైరు ఎక్కడ తెగినా అతుకు పెట్టకుండా యాంటెన్నానే మార్చండి.

"నో సిగ్నల్" అనో, "సిగ్నల్ కోసం వెతుకుతోంది" అనో వస్తే కరెంటు బాగానే ఉంది, ఆకాశం అందడం లేదు. బండిని ఖాళీ చోటికి తీయండి. అయినా రాకపోతే బిళ్ల మీద మంచు, తడి ఆకులు, పక్షుల రెట్ట ఉన్నాయేమో చూడండి. బిళ్ల తలకిందులై ఉందేమో, పక్కకు జారిందేమో చూడండి. ఛానెల్స్ కొన్నే వచ్చి మిగతావి రాకపోతే అది యాంటెన్నా తప్పు కాదు. చందా సంగతి కనుక్కోండి.

ఒక్క దారిలో, ఒకే చోట ప్రతిరోజూ ఆగుతుంటే అక్కడి చెట్లో, కొండో, భవనమో కారణం. వేర్వేరు చోట్ల, ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతుంటే లోపం మీ బండిలో ఉంది. కొత్త సెట్టు కొనేముందు ఈ తేడా కనిపెట్టండి, డబ్బు మిగులుతుంది.

షాపులో చేయించుకుంటే

టైము లేక షాపులో ఇస్తే పని మొదలవకముందే నాలుగు ప్రశ్నలు అడగండి. బిళ్ల ఎక్కడ పెడతారు? వైరు ఏ దారిలో తెస్తారు? ఏదైనా కోస్తారా, రంధ్రం పెడతారా? ఎయిర్‌బ్యాగుల తొడుగులు ముట్టుకుంటారా? సరైన మెకానిక్ వీటికి విసుక్కోకుండా జవాబు చెబుతాడు. పని అయ్యాక బిళ్లను తాకి చూడండి, డిక్కీ రబ్బరు కింద చూడండి, మిగిలిన వైరు చుట్ట ఎక్కడ పెట్టారో చూపించమనండి. బండి తీసుకుని బయటికి వచ్చి, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయని చూశాకే డబ్బు కట్టండి.

పెట్టుకున్నాక చేయాల్సింది తక్కువే. బ్రష్షులు తిరిగే కార్‌వాష్‌లోకి పోయేముందు బిళ్లను ఎత్తి డిక్కీలో పెట్టడానికి వీలుంటే అలా చేయండి, లేదంటే చేత్తో కడిగే చోటికి వెళ్లండి. చలికాలంలో టాప్ మీద మంచు తుడిచేటప్పుడు బిళ్ల మీద కూడా తుడవండి, గీకే పలకతో మాత్రం కాదు. ఏడాదికి ఒకసారి బిళ్లను ఎత్తి కింద పేరుకున్న మట్టి తుడిచి, అద్దం రబ్బరులో వైరు బయటికి వచ్చిందేమో చూసి లోపలికి నొక్కండి. దూరం పోయేవాళ్లకు నిద్రమత్తు పట్టకుండా, వాతావరణం కబురు తెలుస్తూ, ఒంటరితనం తగ్గుతూ ప్రయాణం సాగడం చిన్న విషయం కాదు. ఆ మేలు మీకు దక్కాలంటే సెట్టు ధర కన్నా ముందు ఈ అరచేతంత బిళ్లకు సరైన చోటు వెతకండి.